పిడి కింద కుంకుమ

"రెండింటికి పడవ వస్తది. బేడీలేసిన ముసలాయన దాంట్ల పోతడు. అంతే," అన్నాడు సీఐ ప్రభాకర్, గడియారం చూసుకుంటూ. "ఇప్పుడు పదకొండున్నర. అప్పటిదాక ఎన్ని ప్రశ్నలన్నా అడుక్కో. నాకేం నష్టం లేదు."

సరిత వరండా మెట్ల వైపు చూసింది. పొద్దున తాను వచ్చినప్పుడు కనిపించిన ఆరు మెట్లలో ఇప్పుడు నాలుగే మిగిలాయి. భద్రాచలం దాటాక అడవి అంచున ఉన్న ఈ బంగళాకు ఒకటే రోడ్డు. గోదావరి నిండి వాగును వెనక్కి తన్నడంతో ఆ రోడ్డు నిన్న పొద్దున్నే మునిగింది. నిన్న సాయంత్రం ఆరింటికి ఫోన్లు కూడా చచ్చాయి. లోపలున్నవాళ్లు లోపలే.

వాళ్లలో ఒకడు హంతకుడు.

చచ్చిపోయినవాడి పేరు శ్రీనివాస్. పాత ఆయుధాల సంగతి తెలిసిన మనిషి, హైదరాబాద్ నుంచి వచ్చాడు. బంగళా యజమాని సారంగపాణి తన తాత కాలం నాటి అమెరికన్ మిలిటరీ పిస్తోలును ఒక మ్యూజియానికి ఇస్తానంటే, అది అసలుదో కాదో తేల్చడానికి నిన్న మధ్యాహ్నం అవతలి ఒడ్డు దాకా జీపులో వచ్చి నాటుపడవలో వాగు దాటాడు. సాయంత్రం ఐదూ పదికి ఛాతీలో గుండు దిగింది. శవం పక్కన ఒక పిస్తోలు. ఖమ్మంలో తుపాకులు బాగుచేసే అబ్దుల్ సత్తార్ కూడా వరదకు ఇక్కడే చిక్కుకున్నాడు. ఆయన పనిముట్ల సంచిలో అచ్చం అలాంటిదే ఇంకో పిస్తోలు. రెండింటి మీదా ఒకటే నంబరు, ఒకటే 1918.

ప్రభాకర్‌కు అంతకన్నా ఏం కావాలి? సత్తార్ నకలు తయారుచేశాడు, అసలుదాని స్థానంలో పెట్టబోయాడు, శ్రీనివాస్ పట్టుకున్నాడు, అసలుదాంతోనే కాల్చి పడేశాడు. ఆ ముక్క పొద్దున తొమ్మిదింటికల్లా కాగితం మీద పెట్టేశాడు. శవాన్ని వచ్చిన పడవలోనే దవాఖానాకు పంపేశాడు.

ఆ పడవలోనే, ప్రభాకర్ వద్దంటున్నా వినకుండా ఎక్కి వచ్చింది సరిత. ఇద్దరూ ఒకే బ్యాచ్ ఎస్సైలు. ఆరేళ్ల క్రితం ఒక తప్పుడు చార్జిషీటు మీద సంతకం పెట్టనని ఆమె ఉద్యోగం వదిలేసి ఖమ్మంలో డిటెక్టివ్ బోర్డు కట్టుకుంది. ఆ చార్జిషీటు రాసినవాడు ప్రభాకరే. రాత్రి సత్తార్ కూతురు నజియా, స్టేషన్ నుంచి కబురు తెలిసి, ఖమ్మంలో ఆమెకు ఫోన్ చేసి, "మా అబ్బాకు చీమను చంపడం కూడా రాదక్కా," అని ఏడ్చింది. ఇలాంటి మాట ప్రతి నిందితుడి కూతురూ అంటుందని సరితకు తెలుసు. అయినా వచ్చింది.

*

సత్తార్‌ను సామాన్ల గదిలో బియ్యం బస్తా మీద కూర్చోబెట్టారు. అరవై తొమ్మిదేళ్ల చేతులకు బేడీలు. తలుపు దగ్గర కానిస్టేబుల్ సోమ్లా, ఎటు చూడాలో తెలియక బయట వానను చూస్తున్నాడు.

"చాచా, ఐదూ పదికి ఎక్కడున్నరు?"

"వెనుక గదిల. సాయంత్రం అసర్ నమాజు చదువుతున్న."

"ఎవరన్నా చూసిండ్రా?"

"అల్లా చూసిండు బేటా. ఆయన కోర్టుకు రాడు గదా."

సరితకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "మీ సంచిలున్న పిస్తోలు?"

"పాణి సాబ్ ఇచ్చిండు. నిన్న పొద్దున తొమ్మిదింటికి, తన చేతుల మీదుగ. ఏటా వానకాలం తీస్కపోయి సాఫ్ చేసి దసరా లోపల తెచ్చిస్త. మా అబ్బా గట్లనే చేసిండు, నేను గట్లనే చేస్తున్న. నిన్న బయల్దేరితే రోడ్డు మీద నడుము లోతు నీళ్లు. మళ్లొచ్చిన. ఊకె కూసోలేక మధ్యాహ్నం ఇక్కడ్నే గ్రీజు పెట్టిన."

"నేను ఇయ్యలేదంటున్నడు పాణి సాబ్."

ముసలాయన బేడీల వైపు చూసుకున్నాడు. "నలభై ఏండ్లు నా చేతికి ఇచ్చిన మనిషి. ఆ మాట ఎట్ల అన్నడో," అన్నాడు చివరికి. కోపంగా అనలేదు. అందుకే సరితకు ఎక్కువ కష్టంగా అనిపించింది.

"రెండిట్ల ఏది అసలుది చాచా?"

"నేను చెప్తే ఎవరు నమ్ముతరు? అందుల ఏముందో నేను ముందే చెప్తే, నేనే పెట్టిన అంటరు. నువ్వే చూడు. రెండిటివీ పిడి చెక్కలు విప్పు. అంతకన్నా ఒక్క ముక్క చెప్ప."

*

వంటగదిలో జనరేటర్ మోతకు పక్కనున్న మనిషి మాట కూడా వినపడటం లేదు. షెడ్డు సరిగ్గా గోడ వెనకే. సరిత వంటమనిషి భద్రమ్మ చెవి దగ్గరికి వంగి గొంతు పెంచింది.

"తుపాకి మోత నువ్వు విన్నవా?"

"అవ్ అమ్మా. గుండె ఆగినంత పనైంది. దొర వరండాల చాయ్ తాగుతుండు, నేను తలుపుల నుంచి చూస్తున్న, ఆయన చేతిలోంచి కప్పు కింద పడ్డది."

అంటే కాల్చింది సారంగపాణి కాదు. సరిత ఆ పేరు మనసులోనే కొట్టేసింది.

"ఇంత మోతల తుపాకి ఎట్ల వినపడ్డది?"

"అప్పుడు ఇది నడుస్తలేదు గదా! మిక్సీల పచ్చడి వేసిన, సగంల ఆగింది. జల్దీనే వస్తదిలే అని నిలబడ్డ. అంతల్నే ధన్‌మని మోత."

"మళ్ల ఎప్పుడు వచ్చింది కరెంటు?"

"ఏడ వచ్చింది? పచ్చడి రోట్లనే నూరుకున్న. దొర పోలీసోళ్లకు ఫోన్ చేస్తుంటే వచ్చింది."

సారంగపాణి ఫోన్ స్టేషన్‌కు చేరింది ఐదూ ఇరవై రెండుకు. సరిత చేతి పుస్తకంలో రెండు అంకెలు రాసుకుని వాటి మధ్య గీత గీసింది. ఐదూ పది కన్నా ముందు నుంచి ఐదూ ఇరవై రెండు దాకా. పన్నెండు నిమిషాలకు తక్కువ లేదు.

షెడ్డులో చందర్ గోనెసంచి పరుచుకుని కూర్చున్నాడు. బొగ్గు బాయి వర్క్‌షాప్‌లో ముప్పై ఏళ్లు ఫిట్టర్‌గా చేసి రిటైరై, ఈ బంగళాలో జీపు నుంచి జనరేటర్ దాకా అన్నీ తానే చూసుకుంటున్న మనిషి. ముందు రెండు నీళ్ల మోటార్లు పూర్తిగా విప్పి ఉన్నాయి. వాటి సామానంతా ఒకే పళ్లెంలో, కిరసనాయిలులో నానుతోంది.

"రెండిటివీ కలిపేసినవేంది చందరన్నా? ఏది దేనిదో ఎట్ల తెలుస్తది?"

చందర్ ముఖం వెలిగింది. పనివాడిని పని గురించి అడిగితే వెలిగినట్టే. ఒక ముక్క తీసి గుడ్డతో తుడిచి చూపించాడు. అంచు మీద పంచ్‌తో కొట్టిన చిన్న చుక్క. ఇంకోటి తీశాడు, దాని మీద రెండు చుక్కలు.

"మొదటి సెట్టుకు ఒకటి, రెండోదానికి రెండు, మూడోదానికి మూడు. బాయిల పన్నెండు పంపులు ఒక్కసారే విప్పేటోళ్లం మేడం. చుక్క కొట్టందే చెయ్యి ముందుకు పోదు."

"నిన్న సాయంత్రం జనరేటర్ ఎందుకు ఆగింది?"

"డీజిల్ అయిపోయింది. పోసి స్టార్ట్ చేసిన."

"నువ్వు ఇక్కడ్నే ఉన్నవా?"

"ఇక్కడ్నే. ఇంకేడ పోత?"

"ఎంతసేపు పట్టింది?"

"రెండు నిమిషాలు." గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. "ఇయ్యాల ఆ భయం లేదు, పొద్దున్నే నిండ పోసిన."

సరిత వంగి ట్యాంకు మీద డీజిల్ మట్టం చూపే గొట్టం చూసింది. నిజమే, అంచు దాకా ఉంది. టైం పన్నెండూ ఐదు.

రెండు నిమిషాల పనికి పన్నెండు నిమిషాలు. ఆ మాటే వెళ్లి ప్రభాకర్‌కు చెప్పింది. అతడు అన్నం తింటూ విన్నాడు, తలెత్తలేదు.

"డీజిల్ పోసేటోడు లేటు చేస్తే ఖూనీకోరా? చాయ్ తాగుతుండొచ్చు, బీడీ తాగుతుండొచ్చు. వానికి ఆ హైదరాబాదాయనతోని ఏం పని? తుపాకి ఏది? నా దగ్గర రెండున్నయ్, రెండూ ఎవరి లెక్కల ఉన్నయో తెలుసు."

సరిత అతడి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"సరే. రేపు కోర్టుల డిఫెన్స్ లాయర్ లేచి రెండిట్ల అసలుది ఏదని అడుగుతడు. ఏం చెప్తవ్?"

"మెరిసేది నకలు, పాతది అసలుది. చిన్నపోరలు కూడా చెప్తరు."

"ఐతే నా ముంగట చెప్పు. సత్తార్ చాచా ఉండాలె, సారంగపాణి గారు ఉండాలె. అరగంట. నేను తప్పైతే నీ పడవల నోరు మూసుకొని కూసుంట."

ప్రభాకర్ చేయి కడుక్కున్నాడు. ఆమె నోరు మూసుకుని కూర్చోవడం అతడు ఎన్నడూ చూడలేదు. అందుకోసమైనా ఒప్పుకున్నాడు.

*

తుపాకుల గది హాలుకు రెండు మెట్లు కిందికి ఉంటుంది. కలప కాంట్రాక్టు రోజుల్లో తుపాకులు, తూటాలు దాచడానికి కట్టించింది. కిటికీ లేదు. టేకు తలుపుకు ఇనుప రేకులు, గడియ బయటివైపు. లోపల ఒక బల్ల, రెండు కుర్చీలు, పైన ట్యూబులైటు. పేలిన తూటా ఖాళీ గొట్టం నిన్న దొరికింది తలుపు పక్కనే. శ్రీనివాస్ కూర్చున్న కుర్చీ కింద మరక ఇంకా ఉంది. బల్ల మీద అతడి పెన్సిలు, ఒక చివర రబ్బరు ఉన్నది, పడినచోటే పడి ఉంది.

ఒంటిగంటా ఇరవైకి నలుగురూ ఆ గదిలో చేరారు. సారంగపాణి ఒక కుర్చీలో. డెబ్బై నాలుగేళ్లు, ఉతికిన తెల్ల చొక్కా, ఎవరినీ చూడని కళ్లు. గోడ దగ్గర బేడీలతో సత్తార్. ప్రభాకర్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

చందర్ తలుపులోంచి తొంగిచూశాడు. లుంగీ మోకాళ్ల దాకా తడిసింది. "సార్, మీరు చెప్పినట్టే సోమ్లాను పడవ కోసం వాగు ఒడ్డు కాడ దింపిన. భద్రమ్మను బంగళా వెనుక ఎత్తు మీది ఆశ్రమ పాఠశాలల దించొచ్చిన. నీళ్లు వరండా ఎక్కుతున్నయ్, జల్దీ కానియ్యండ్రి." చూపు బల్ల మీద ఒక క్షణం ఆగింది. తర్వాత తలుపు దగ్గరికి వేసి వెళ్లిపోయాడు.

బల్ల మీద తెల్లగుడ్డ. దాని మీద రెండు పిస్తోళ్లు.

శవం పక్కన దొరికింది మసకగా, ఒళ్లంతా సన్నటి గుంటలతో, వందేళ్ల ముసలిదానిలా ఉంది. సంచిలో దొరికింది నల్లగా, నూనెతో నిగనిగలాడుతోంది.

"చూసినవ్ గదా. ఇంకేంది?" అన్నాడు ప్రభాకర్.

"నీ బెల్టు చూసుకో ప్రభాకర్. ఎక్కడ అరిగింది?"

"బొక్కల కాడ. మడత కాడ."

"అంతటా ఒక్కలెక్క అరిగిందా?"

సరిత చేతికి గ్లౌజులు వేసుకుని నిగనిగలాడేదాన్ని ఎత్తింది. గొట్టం చివర, తోలు సంచిలో దూరి తీసే అంచు దగ్గర నలుపు పోయి తెల్లబడింది. బొటనవేలు ఆనే చోట బిళ్లంత మేర నున్నగా అరిగింది. మిగతా చోటంతా నలుపు చెక్కుచెదరలేదు. రెండోదాన్ని ఎత్తింది. చేయి తగిలే చోట, తగలని చోట, మూలల్లో, సందుల్లో, ఎక్కడ చూసినా ఒకటే గుంటలు, ఒకటే మసక.

"మనిషి వాడితే చెయ్యి తగిలిన కాడనే అరుగుతది. ఇది మందుల ముంచి తీసింది. అక్షరాలు ముట్టి చూడు. నల్లదాని మీద గోరు తగులుతది, అచ్చుతోని గుద్దితే పక్కన ఇనుము లేస్తది. ఈ మసకదాని మీద ఏం తగలది. మిషన్ మీద చెక్కింది."

"ఇవన్నీ కథలు."

"ఐతే చెక్కలు విప్పుత."

సరిత, సత్తార్ సంచిలోని స్క్రూడ్రైవరుతో ముందు మసకదాని పిడి విప్పింది. చెక్క కింద కూడా పైనున్న గుంటలే. ఏ చేయీ, ఏ చెమటా చేరని చోట కూడా ముసలితనం. ప్రభాకర్ కనుబొమలు మొదటిసారి ముడిపడ్డాయి.

తర్వాత నల్లదాని చెక్క లేపింది. కింద ఇనుము శుభ్రంగా ఉంది. స్క్రూ చుట్టూ మాత్రం గట్టిపడిన ముదురు ఎరుపు.

"తుప్పు," అన్నాడు ప్రభాకర్ వెంటనే.

సరిత గ్లౌజు తీసి గోటితో గీకింది. గోరంచున ఎర్రటి పొడి, దాని కింద పసుప్పచ్చని పొర. వేలు అతడి ముందు పెట్టింది. "తుప్పు కింద పసుపు ఎక్కడిది ప్రభాకర్?"

గోడ దగ్గర నుంచి సత్తార్ గొంతు వినిపించింది.

"దసరా పూజది. తొంభై, వంద ఏండ్లది. ప్రతి దసరాకు పెడతరు, కొంచెం చెక్క సందుల పోతది. పైన తుడుస్త. లోపలిది తుడవ. మా అబ్బా తుడవొద్దన్నడు. ఇంటోళ్లు దేవునికి పెట్టింది, మనం తీసేది కాదన్నడు. చుట్టూ నూనె రాసి మళ్ల మూస్త."

సరిత ఆ ఎరుపును ఇంకోసారి చూసింది. తండ్రీకొడుకులు ఇద్దరూ కలిసి ఇన్నేళ్లు కాపాడిన కుంకుమ. వీళ్లనా దొంగలనేది?

ప్రభాకర్ మాత్రం నవ్వాడు. "శభాష్. అంటే అసలుది దొంగ సంచిలనే దొరికింది. నేను నకలు అనుకున్న. ఇప్పుడు దొంగతనం కూడా కలుపుత. థాంక్స్ సరితా, నా కేసు నువ్వే గట్టి చేసినవ్."

ఉచ్చు విప్పబోయి తానే బిగించింది. గడియారం ఒంటిగంటా ముప్పై ఐదు. సత్తార్ ఆమెను చూడటం లేదు, కళ్లు మూసుకున్నాడు.

ఇక మిగిలింది ఒక్కరే. సరిత సారంగపాణి ముందుకు వెళ్లి నిలబడింది.

"సార్, పొద్దున ఎనిమిదిన్నరకు ఈ మసకదాన్ని చూపించి, ఇదే మా తాతది అన్నరు. దీనికి మీ చేతుల మీదుగ ఎన్ని దసరాలు బొట్టు పెట్టిండ్రు?"

"యాభై... అరవై."

"ఒకసారి పట్టుకోండ్రి."

నల్లదాన్ని ఆయన చేతిలో పెట్టింది. ముసలి వేళ్లు పిడి చుట్టూ ముడుచుకున్నాయి. బొటనవేలు దానంతట అదే వెళ్లి ఆ అరిగిన చోట కూర్చుంది. ఆయన చూసుకునే లోపే అందరూ చూశారు. సారంగపాణి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మా అన్న మాట ఇచ్చి చచ్చిపోయిండమ్మా, మ్యూజియంకు ఇస్తమని. ఆయనకేం, మాటిచ్చిండు. దీన్ని పట్టుకొని పెరిగింది నేను. ఇయ్యబుద్ధి కాలే. ఒక నకలు చేయించి ఇద్దామనుకున్న. అసలుది సత్తార్‌తోని పొద్దున్నే పంపిస్తే శ్రీనివాస్ కండ్ల పడదనుకున్న. రోడ్డు మునుగుతదని నాకేం తెలుసు?"

"ఇచ్చింది మీరేనా?" అన్నాడు ప్రభాకర్.

"నేనే. భయానికి అబద్ధం చెప్పిన." సత్తార్ వైపు తిరిగాడు కానీ తల ఎత్తలేకపోయాడు. "తప్పైంది సత్తార్."

"కప్పు పడేసుకున్నవట సాబ్. చెయ్యి కాల్లేదు గదా?" అన్నాడు సత్తార్. ఆ మాటకు సారంగపాణి ముఖం చేతుల్లో దాచుకున్నాడు.

ప్రభాకర్ తేరుకున్నాడు. తేరుకోవడంలో అతణ్ని మించినవాడు లేడు. "సరే, దొంగతనం పోయింది. ఖూనీ? ఈ మసకదే శవం పక్కన ఉండె. నకలైతే ఏంది, పేలదా?"

"నీ పిస్తోలు ఇయ్యి. ఖాళీ చేసి."

"నా సర్వీస్ పిస్తోలా? నీకేమన్నా పిచ్చా?"

"నువ్వే పట్టుకో. తూటాలు తీసి పట్టుకో."

ప్రభాకర్ విసుక్కుంటూ తూటాల మ్యాగజైన్ తీసి బల్ల మీద పెట్టాడు, గొట్టం ఖాళీ అని చూసుకున్నాడు. సరిత శ్రీనివాస్ పెన్సిలును, రబ్బరు చివర కిందికి పెట్టి, ఆ గొట్టంలోకి జారవిడిచింది.

"పైకి పెట్టి నొక్కు."

టక్‌మంది. పెన్సిలు ఎగిరి పైకప్పుకు తగిలి కింద పడింది. లోపలి పిన్ను వచ్చి గుద్దితే ఎగిరింది. తూటాను పేల్చేది కూడా అదే దెబ్బ.

అదే పెన్సిలును మసకదాని గొట్టంలో వేసింది. నొక్కింది. టక్. పెన్సిలు కదల్లేదు. ఇంకోసారి. టక్. మూడోసారి ప్రభాకరే లాక్కుని నొక్కాడు. పెన్సిలు పడుకున్న చోటే పడుకుంది.

"పిన్ను బయటికి రాదు. మ్యూజియం అద్దాలల్ల పెట్టే బొమ్మ గదా, రంధ్రం పూర్తిగ వెయ్యలే," అన్నాడు సత్తార్. "ఇది పుట్టినకాడ్నించి ఒక్క గుండు కూడా కాల్వలే."

"శ్రీనివాస్ దీన్ని పరీక్ష చేస్తుండె. చేతిలోంచి పక్కకు పడ్డది. నువ్వు దాన్నే ఖూనీ చేసిన తుపాకి అనుకున్నవ్," అంది సరిత. నల్లదాని గొట్టాన్ని ట్యూబులైటు కేసి పట్టింది. వెలుతురు అవతలికి రావడం లేదు. లోపలంతా చిక్కటి గ్రీజు, నిన్న మధ్యాహ్నం పూడ్చింది పూడ్చినట్టే ఉంది. "ఇది కూడా పేలలే."

ప్రభాకర్ రెండింటినీ మార్చి మార్చి చూశాడు. "మరి ఆయన దేంతోని చచ్చిండు?"

ఆ ప్రశ్న అతడి నోటి నుంచే రావాలని సరిత పొద్దున్నుంచి ఎదురుచూస్తోంది. వచ్చాక మాత్రం సంతోషం కలగలేదు. జవాబు తనకూ తెలియదు. పిన్ను సంగతి కళ్లతో చూద్దామని మసకదాని పై భాగాన్ని వెనక్కి లాగి, సత్తార్ చెప్పినట్టు విప్పి తిరగేసింది.

లోపలి అంచు మీద రెండు చుక్కలు. పంచ్‌తో కొట్టినవి, పక్కపక్కనే. కింది భాగం అంచు చూసింది. సరిగ్గా అక్కడే ఇంకో రెండు.

పళ్లెం, కిరసనాయిలు వాసన, వెలిగిన ముఖం అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి.

"సార్, ఇది చేసింది చందరేనా?"

సారంగపాణి ఉలిక్కిపడ్డాడు. "పేరు చెప్పనని ఒట్టేసిన... నీకెట్ల తెలుసు?"

"ఎన్ని చేయించిండ్రు?"

"ఒక్కటే. నా తల్లి మీద ఒట్టు, ఒక్కటే."

"మీకు ఇచ్చింది ఒక్కటి. చేసింది ఒక్కటి కాదు. మొదటి సెట్టుకు ఒక చుక్క కొడతడు, రెండోదానికి రెండు. ఇది రెండోది." ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "ఒక చుక్కది ఇంకోటి ఉంది ప్రభాకర్. అది బొమ్మ కాదు, పేలుతది. తుపాకి చేస్తే జైలు. దీన్ని విప్పితే ఈ రెండు చుక్కలతోనే మొదటిదాని సంగతి బయటపడతది. శ్రీనివాస్ దీన్ని మొత్తం విప్పుతడని ఎవరికి తెలుసు?"

"మధ్యాహ్నం అన్నం కాడ ఆయనే అన్నడు," అన్నాడు సారంగపాణి, ఒక్కో మాటా కూడదీసుకుంటూ. "సాయంత్రం పూర్తిగ విప్పి చూస్త అని. చందర్ మంచినీళ్లు పోస్తుండె."

"జనరేటర్ మోతల కాలిస్తే ఎవరికీ వినపడదనుకున్నడు. నడుమ డీజిల్ అయిపోతదని అనుకోలే. పన్నెండు నిమిషాలు ఎందుకు ఆగింది? పోసేటోడు షెడ్డుల లేడు. ఈ తలుపు కాడ ఉన్నడు."

ప్రభాకర్ నోరు తెరిచాడు. ఏమనబోయాడో తెలియలేదు, అప్పుడే లైటు పోయింది.

కళ్లు పొడుచుకున్నా కనపడని చీకటి. సిగ్నల్ లేని ఫోన్లు పైన హాల్లోనే ఉండిపోయాయి. పొద్దున్నుంచి చెవుల్లో రొదపెడుతున్న జనరేటర్ మోత ఆగిపోయింది. దాని స్థానంలో నీళ్ల చప్పుడు, చాలా దగ్గరగా.

"డీజిల్ అయిపోయిందేమో," అంది సారంగపాణి గొంతు, అలా అయితే బాగుండునన్నట్టు.

"లేదు," అంది సరిత. "పన్నెండింటికి నేనే చూసిన. అంచు దాక ఉంది."

బయట ఇనుప గడియ కీచుమంటూ జరిగింది. ఠపీమని పడింది. నీళ్లలో అడుగులు, తొందర లేకుండా, దూరమయ్యాయి.

ప్రభాకర్ తలుపు మీద పడ్డాడు. భుజంతో ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. రేకులు మోగాయి కానీ తలుపు కదల్లేదు. వెనక్కి వచ్చి బల్ల మీద తడుముకుంటుంటే మ్యాగజైన్ జారి కింద పడింది. పడిన చప్పుడు నేలది కాదు, నీళ్లది. సరిత పాదాలకు చల్లగా తగిలింది అప్పుడే. తలుపు కింద నుంచి వస్తోంది, రెండు మెట్ల లోతు గదిలోకి.

ప్రభాకర్ గడియారం ముళ్లు పచ్చగా మెరిశాయి. ఒంటిగంటా యాభై. పది నిమిషాల్లో పడవ. లోపల ఇంక ఎవరూ లేరని చందర్ చెప్తే పడవవాళ్లు ఎందుకు నమ్మరు? కాదని చెప్పడానికి ఒడ్డున ఒకే ఒక్క మనిషి ఉన్నాడు.

"సోమ్లా!" అని ప్రభాకర్ అరిచాడు, గొంతు చీరుకుపోయేలా. "సోమ్లా! వాణ్ని దగ్గరికి రానీయకురా!"

వాగు వైపు నుంచి జవాబు వచ్చింది. ఒకే ఒక్క మోత, బరువైనది. పోలీసు పిస్తోలు మోత అలా ఉండదని ఆ గదిలో అందరికీ తెలుసు. పేలింది ఒక చుక్కది. తర్వాత వాన తప్ప ఏమీ వినపడలేదు.

సరితకు తాళంచెవుల గలగల వినిపించింది. ప్రభాకర్ చీకట్లో గోడ పట్టుకుని, నీళ్లు చిమ్ముకుంటూ, సత్తార్ ఉన్నవైపు వెళ్తున్నాడు.

"చాచా," అన్నాడు. పొద్దున్నుంచి ముసలాయన అని తప్ప పిలవని మనిషి. "చేతులు ఇటియ్యి."

చీకట్లో తాళం రంధ్రం దొరకడానికి కొంతసేపు పట్టింది. బేడీలు విడిపోయాయి. సత్తార్ మణికట్లు రుద్దుకుంటున్న చప్పుడు, తర్వాత ఆయన గొంతు.

"నీళ్లు పిక్కల దాక వచ్చినయ్ బేటా. పాణి సాబ్‌ను బల్ల మీదికి ఎక్కియ్యండ్రి."